కొట్టినా ఒళ్ళోకే వస్తే మర్చిపోయినట్టేనా?

వాట్సాప్ గ్రూపుల్లో, నవ్వుతున్న పసిపాప ఫొటో కింద తిరుగుతుండే మెసేజ్ ఇది. మాటలు అటూ ఇటూ మారుతుంటాయి గానీ సారం ఒకటే: ప్రేమించడం పిల్లల్ని చూసి నేర్చుకోండి. కొట్టినా తిట్టినా ఐదు నిమిషాల్లో మర్చిపోతారు. ఏడుస్తూనే మళ్ళీ మన ఒళ్ళోకే వస్తారు. తిరిగి ఏమీ ఆశించరు. మొగుడూ పెళ్ళాలు కూడా ఇలాగే ఉంటే గొడవలే ఉండవు. చదవగానే కళ్ళు చెమర్చి, పదిమందికీ పంపాలనిపిస్తుంది. కానీ ఇందులో ఒక్కటి తప్ప మిగతావన్నీ తప్పే. పైగా పిల్లల మీద చేయి చేసుకునేవాళ్ళకి ఇది ధైర్యం చెబుతోంది. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు మర్చిపోతారన్న మాట. మూడు నెలల పాప కాలికి రిబ్బన్ కట్టి, రెండో కొసను పైన వేలాడే బొమ్మలకు ముడేస్తే, కాలు ఆడిస్తే బొమ్మలు కదులుతాయని ఇట్టే కనిపెట్టేస్తుంది. కరోలిన్ రోవీ-కోలియర్ అనే అమెరికన్ సైకాలజిస్టు చేసిన ప్రయోగాలివి. ఆ వయసు పిల్లలకు దాదాపు వారం దాకా ఆ సంగతి గుర్తుంది. బొమ్మల్ని గుర్తుపెట్టుకున్న పసిది చెంపదెబ్బ మర్చిపోతుందా? మూడేళ్ళలోపు సంగతులు పెద్దయ్యాక గుర్తుండవు, నిజమే. కానీ ఆ రోజు పట్టుకున్న భయం ఆ రోజే పోదు. తరచూ దెబ్బలు తినే పిల్లాడి నుదుటి మీద జుట్టు సర్దుదామని చెయ్యెత్తి చూడండి. తల పక్కకు తిప్పి, కళ్ళు గట్టిగా మూసుకుని, భుజాలు పైకి లాక్కుంటాడు.

1970ల్లో ఎడ్వర్డ్ ట్రానిక్ చేసిన ప్రయోగంలో అయితే అసలు దెబ్బే లేదు. బిడ్డతో ఆడుతున్న తల్లి కాసేపు ముఖంలో ఏ భావమూ లేకుండా ఊరికే చూస్తూ కూర్చుంటుంది. బిడ్డ నవ్వుతుంది, చేతులు చాస్తుంది. ఎంతకీ పలక్కపోయేసరికి ముఖం తిప్పేసుకుంటుంది. తల్లి మళ్ళీ ఆడించడం మొదలుపెట్టాక కూడా బిడ్డ వెంటనే మామూలవదు.

ఇక ఒళ్ళోకి రావడం. అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే. కొట్టేది అమ్మే, వాడు ఏడ్చేది "అమ్మా" అనే. దాన్ని క్షమాగుణం అని మురిసిపోతున్నాం. రెండేళ్ళ పిల్లాడు అమ్మ దగ్గరికి కాకపోతే ఇంకెవరి దగ్గరికి వెళ్తాడు? భయమేసినప్పుడు పెంచేవాళ్ళని కరుచుకుపోవడం ప్రాణం కాపాడుకోవడానికి పుట్టుకతో వచ్చిన గుణమని బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ చెప్పాడు. హ్యారీ హార్లో, లియొనార్డ్ రోజెన్‌బ్లమ్ కోతిపిల్లలకు గుడ్డతో చేసిన తల్లిబొమ్మనిచ్చి, అందులోంచే వాటి మీదకు గాలి గట్టిగా కొట్టేలా ఏర్పాటు చేశారు (ఎంత క్రూరమైన పనో!). 1963లో వాళ్ళు ప్రచురించిన ఫలితం చూడండి: ఆ పిల్లలు బొమ్మను వదిలిపోలేదు సరికదా, గాలి దెబ్బ తగలని పిల్లలకన్నా ఎక్కువసేపు దాన్నే పట్టుకుని ఉన్నాయి. మరి వాటిది క్షమా, వేరే దిక్కులేకపోవడమా?

"దండం దశగుణం, మేమంతా తన్నులు తినే పెరిగాం" అనేవాళ్ళకి ఒక్క మాట. ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ 2016లో, లక్షా అరవై వేల మందికి పైగా పిల్లల వివరాలున్న 75 అధ్యయనాలను కలిపి చూశారు. దెబ్బలతో ముడిపడి కనిపించినవి మొండితనం, కొట్లాట, దిగులు. బుద్ధి రావడం మాత్రం కనిపించలేదు. మన దగ్గర 2009 విద్యాహక్కు చట్టం బడిలో దెబ్బలను నిషేధించింది. స్వీడన్ 1979లోనే ఇంట్లో దెబ్బలనూ నిషేధించింది.

తిరిగి ఏమీ ఆశించరన్నది మాత్రం నిజం. 2006లో ఫీలిక్స్ వార్నెకెన్, మైకేల్ తొమసెల్లో 18 నెలల పిల్లల్ని పరీక్షించారు. బట్టలు ఆరేస్తున్న మనిషి చేతిలోంచి క్లిప్పు జారి పడుతుంది. అందక చెయ్యి చాస్తూ ఉంటారు. ఇప్పుడిప్పుడే నడక వచ్చిన పిల్లలు తప్పటడుగులతో వెళ్ళి, క్లిప్పు తీసి చేతికిచ్చారు. ఇలాంటి పనుల్లో 24 మందిలో 22 మంది కనీసం ఒక్కసారైనా సాయం చేశారు. మెచ్చుకోలు లేదు, చాక్లెట్ లేదు. రెండేళ్ళ తర్వాత 20 నెలల పిల్లలతో వాళ్ళే చేసిన మరో ప్రయోగంలో, సాయానికి బహుమతి అందుకున్నవాళ్ళు ఆ తర్వాత సాయం చేయడం తగ్గించారు. "బుద్ధిగా ఉంటేనే అమ్మ నీతో మాట్లాడుతుంది" అని రోజూ బేరం పెట్టే మనకు వాళ్ళు నేర్పగలిగింది ఇదీ.

మొగుడూ పెళ్ళాల సంగతికొస్తే, ఆ సలహా చివరికి ఎవరికి చెబుతారో అందరికీ తెలుసు. దెబ్బలు తిని పుట్టింటికొచ్చిన ఆడపిల్లకి. చిన్నపిల్లలా మర్చిపో, వెళ్ళి కాపురం చేసుకో అంటారు. పసివాడికి ఇల్లు వదిలి వెళ్ళే దారి లేదు. ఆమెకి ఉంది. 2005 గృహహింస చట్టం ఉంది, 181 హెల్ప్‌లైన్ ఉంది. ఈ మెసేజ్ ఆమెకి పంపబోతుంటే, దయచేసి దాని బదులు ఆ నంబరు పంపండి.