వధ దగ్గరే తెర దించేస్తే ఎలా?

ఉగాదికైనా శ్రీరామనవమికైనా ఒడిశాలోని మన తెలుగు సంఘాల వేదికల మీద పౌరాణికం వరస ఒకటే. బరంపురంలో, పర్లాకిమిడిలో, రాయగడలో, ఎక్కడ చూసినా ముందు రాయబారం పద్యాలు, తర్వాత గదాయుద్ధమో రావణవధో. ప్రతినాయకుడు పడగానే ఈలలు, తెర, ముఖ్య అతిథికి శాలువా. ఆపైన జనమంతా భోజనాల వైపు. కథ అక్కడితో అయిపోయిందని పిల్లలు అనుకుంటే తప్పు వాళ్ళది కాదు. ఇతిహాస కవులెవరూ అక్కడ ఆగలేదు. శత్రువు శవం ముందు నిలబడ్డప్పుడు వీడేం చేస్తాడన్న దగ్గరే వాళ్ళు వీరుణ్ణి తూకం వేశారు. మనం కత్తిరించి పారేస్తున్నది సరిగ్గా ఆ ఘట్టాన్నే.

రావణుడు పడ్డాక విభీషణుడు ఏడుస్తాడు. తీరా అంత్యక్రియల దగ్గరికి వచ్చేసరికి మొరాయిస్తాడు. ధర్మం వదిలినవాడు, క్రూరుడు, పరభార్యల మీద చెయ్యి వేసినవాడు, ఇలాంటివాడికి నేను సంస్కారం చెయ్యనంటాడు. అప్పుడు రాముడన్న మాట: “మరణాంతాని వైరాణి నిర్వృత్తం నః ప్రయోజనమ్, క్రియతామస్య సంస్కారో మమాప్యేష యథా తవ.” చావుతో పగలు సరి, మన పని అయింది, ఇతనికి సంస్కారం చెయ్యి, ఇతను నీకెంతో నాకూ అంతే. ఉపన్యాసాల్లో మనవాళ్ళు మొదటి పాదం ఒక్కటే వాడుకుంటారు. బరువంతా నాలుగో పాదంలో ఉంది. తన భార్యను ఎత్తుకుపోయినవాడికి తమ్ముడి వరసలో నిలబడ్డాడు రాముడు.

గ్రీకుల ఇతిహాసం ఇలియడ్‌లో వాళ్ళ వీరుడు అకిలీజ్ ఇంత తొందరగా ఈ మెట్టు ఎక్కడు. చంపుకునే ముందే ట్రాయ్ వీరుడు హెక్టర్ ఒక ఒప్పందం అడుగుతాడు, గెలిచినవాడు ఓడినవాడి శవాన్ని అయినవాళ్ళకి అప్పగించాలని. సింహాలకీ మనుషులకీ ఒప్పందాలేమిటని అకిలీజ్ కొట్టిపారేస్తాడు. చంపాక చీలమండల దగ్గర తూట్లు పొడిచి, తోలుపట్టెలు దూర్చి, రథానికి కట్టి ఈడుస్తాడు. స్నేహితుడు పెట్రోక్లస్ చితి దగ్గర పన్నెండుమంది ట్రాయ్ కుర్రాళ్ళను నరుకుతాడు. ఇవి దాచి అకిలీజ్‌ని గొప్పవాణ్ణి చేయబోతే కథే చెడుతుంది. చివరిదైన 24వ సర్గలో హెక్టర్ తండ్రి, ముసలి రాజు ప్రయామ్, బండినిండా పరిహారం వేసుకుని రాత్రివేళ శత్రువు గుడారానికి వస్తాడు. ఆ కావ్యం రాసిన హోమర్ ఆ సరుకు లెక్క కూడా రాశాడు: ఐదు రకాల బట్టలు పన్నెండేసి చొప్పున, పది టాలెంట్ల (అది అప్పటి తూకం) బంగారం, రెండు ముక్కాలి పాత్రలు, నాలుగు కాగులు, ఒక పానపాత్ర. వచ్చి, తన కొడుకుల్ని చంపిన చేతుల్నే ముద్దు పెట్టుకుంటాడు. నీ తండ్రిని ఒకసారి తలుచుకో అంటాడు. ఇద్దరూ ఏడుస్తారు.

ఆ తర్వాత అకిలీజ్ చేసే పని చాలామంది గమనించరు. శవాన్ని ముసలాయన కంటపడకుండా పక్కకి తీసుకెళ్ళి కడగమంటాడు. కొడుకుని ఆ స్థితిలో చూసి ప్రయామ్ కోపం ఆపుకోలేకపోతే, తానూ రెచ్చిపోయి ముసలాయన్ని చంపేస్తానేమోనని భయం. తన కోపాన్ని చూసి తానే భయపడ్డాడు! ఆ కావ్యం మొదలయ్యిందే ‘కోపం’ అన్న మాటతో. వచ్చిన బట్టల్లోంచే రెండు దుప్పట్లు, ఒక అంగీ శవానికి చుట్టడానికి విడిచిపెడతాడు. యుద్ధం ఎన్నాళ్ళు ఆపాలని తనే అడుగుతాడు. తొమ్మిది రోజులు ఏడుస్తాం, పదోనాడు దహనం, పదకొండోనాడు సమాధి దిబ్బ, తప్పదంటే పన్నెండోనాడు యుద్ధం, అంటాడు ప్రయామ్. హెక్టర్ అంత్యక్రియలతో ఇలియడ్ ముగిసింది. చెక్క గుర్రం కథ అందులో లేదు.

మన భారతంలో ఈ పనికి ఒక పర్వమే ఉంది. పదకొండోది, స్త్రీపర్వం, తెలుగులో తిక్కనగారిది. అనాథల్లా ఒక్క శరీరమూ పాడవకూడదని ధర్మరాజు విదురుడికీ సంజయుడికీ ధౌమ్యుడికీ పని అప్పగిస్తాడు. చందనం, అగరు, నెయ్యి, నూనె తెప్పిస్తారు, విరిగిన రథాల్ని కూడా పోగేస్తారు. ఎక్కడెక్కడి దేశాలనుంచో వచ్చి, నా అన్నవాళ్ళు లేకుండా పడిపోయినవాళ్ళని వేలకొద్దీ కుప్పలు పోసి, నూనెలో తడిపిన కట్టెలతో విదురుడు దహనం చేయిస్తాడు. ఇందులో ఎటువైపు వాడన్న లెక్క లేదు.

ఒడిశాలో ఉన్నందుకు మనకి మరో భారతం కూడా ఉంది. 15వ శతాబ్దపు ఒడియా కవి సారళాదాసు మహాభారతంలో, అంతా పోగొట్టుకున్న దుర్యోధనుడు నెత్తుటేరు దాటాలి. ఆసరాగా తనవాళ్ళ శవాల్ని ఒక్కొక్కటే పట్టుకుంటే అన్నీ మునిగిపోతాయి. ఒక్కటి మాత్రం గట్టెక్కిస్తుంది. దిగి మొహం చూస్తే కొడుకు లక్ష్మణకుమారుడు. మన పిల్లలు బడిలో చదివేది ఒడియానే కదా, స్త్రీపర్వాన్నీ ఈ ఘట్టాన్నీ పక్కపక్కన పెట్టి ఆడించగల అవకాశం హైదరాబాదు వాళ్ళకి ఎక్కడుంది?

గంజాం జిల్లాలో ఆడే ప్రహ్లాద నాటకంలో, వేదికగా కట్టిన మెట్ల మీద హిరణ్యకశిపుడి ఆర్భాటం, చివర నరసింహుడి రాక చూస్తే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కానీ భాగవతంలో ఆ తర్వాత ప్రహ్లాదుడు అడిగే వరం మా నాన్న పాపం పోవాలనే. నీ తండ్రికి ప్రేతకార్యాలు చెయ్యి, అని నరసింహుడే చెబుతాడు. సప్తమ స్కంధంలోని ఈ రెండు మాటలకి రెండు నిమిషాలు చాలు.

ఆడించడం అంత కష్టం కాదు. పాతిక నిమిషాల నాటకంలో యుద్ధానికి ఆరు నిమిషాలు మించకుండా, వధ తర్వాతి రంగానికి ఎనిమిది నిమిషాలు ఉంచండి. రావణుడు పడగానే దీపాలు ఆర్పొద్దు, సగానికి తగ్గించండి. చప్పట్లు అణిగేదాకా హార్మోనియం శ్రుతి ఒక్కటే నడవాలి, అరనిమిషం. దీపాలు ఆరితే అయిపోయిందనుకుని జనం లేస్తారు. శవంగా పిల్లాణ్ణి పడుకోబెట్టొద్దు. పదేళ్ళవాడు ఆ వెలుతురులో రెండు నిమిషాలు కదలకుండా ఉండలేడు, ముక్కు గోక్కుంటాడు, హాలంతా నవ్వుతుంది. ఒక బల్ల, దానిమీద కప్పిన ఉత్తరీయం, పైన కిరీటం చాలు. మండోదరికి ఒక్క పద్యం, రాగం సాగదీయకుండా. సాగదీస్తే ‘వన్స్ మోర్’ వస్తుంది, అక్కడ శోకం కాస్తా కచేరీ అవుతుంది. శాలువా పట్టుకుని వేదిక పక్కన కాచుకున్న పెద్దమనిషికి, వధతో నాటకం అయిపోదని ముందే చెప్పి ఉంచండి.

పండగపూట శవమేమిటి, అశుభం కాదా అంటారు. న్యాయమైన మాటే. నాట్యశాస్త్రం కూడా రంగం మీద చావు వద్దంది, అయినా సంస్కృత నాటకకర్త భాసుడు తొడలు విరిగిన దుర్యోధనుణ్ణి వేదిక మీదే చావనిచ్చాడు. ఉగాదికి వద్దనుకుంటే కార్తీక వనభోజనాలకి పెట్టుకోండి. కట్టె, నిప్పు చూపించనక్కర్లేదు, విభీషణుడు నీళ్ళ చెంబు అందుకుంటే చాలు.

చివరిగా లిపి సంగతి. తెలుగు చదవడం రాని పిల్లలకి సంభాషణలు ఒడియా అక్షరాల్లో రాసిస్తాం. ఒడియాలో ఎ, ఏలకి ఒకటే గుర్తు, ఒ, ఓలకీ ఒకటే, కాబట్టి దీర్ఘం ఉన్నచోట పైన ఎర్ర సిరాతో గీత పెట్టాలి. అకారం ఒకారంలా పలికే అలవాటు వల్ల ‘మరణాంతాని’ కాస్తా ‘మొరొణాంతాని’ అవుతుంది, దాన్ని నోటితో చెప్పించి దిద్దాల్సిందే. వకారానికి మామూలు బ అక్షరం వేస్తే రాముడు ‘బైరాణి’ అంటాడు. వకారం కోసం ఒడియాలో వేరే అక్షరం ఉంది, అది వాడండి.