బేరమాడటానికి మగ్గమే దొరికిందా?

పోచంపల్లి నుంచి ఇప్పుడే ఇంటికి వచ్చాను. కోపం ఇంకా చల్లారలేదు. మా పెద్దమ్మ వాళ్లింటికి వీపున పెద్ద సంచితో ఒక కుర్రవాడు వచ్చాడు. తక్కువ ఖర్చుతో దేశమంతా తిరుగుతున్నాడట, ఇక్కడి సంస్కృతిని దగ్గరగా చూడాలట. సంతోషంగా రమ్మన్నాం. పెదనాన్న మగ్గం ఆపి, నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగులు ఎలా అద్దుతారో ఓపికగా చూపించాడు. కుర్రవాడు జొన్నరొట్టె తిన్నాడు, వీడియో తీసుకున్నాడు. చివర్లో ఒక చున్నీ చేతిలోకి తీసుకుని సగం ధరకు ఇమ్మన్నాడు. "మీ ఊరి పేరు వీడియోలో చెబుతాను అంకుల్" అన్నాడు. మొహమాటానికి పెదనాన్న ఇచ్చేశాడు.

పోచంపల్లి పేరు ఇతను చెబితే గాని ఎవరికీ తెలియదా? 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసిన ఊరు అది. 1951లో వినోబా భావే కూడా కాలినడకనే వచ్చాడు, ఆయనా చేయి చాచాడు. కానీ భూమిలేని దళిత కుటుంబాల కోసం చాచాడు. ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్నది, భూదానోద్యమం మొదలైంది అక్కడే.

ఆసు పోయడమంటే, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో చుట్టడమంటే ఏమిటో ఆ కుర్రవాడికి తెలుసా? ఒక్క చీరకు చేయి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశాడు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆ యంత్రం రాకముందు ఏళ్ల తరబడి ఆసు పోసిన మా పెద్దమ్మ ఈరోజుకీ కుడిచేయి పైకెత్తి తల దువ్వుకోలేదు. బేరం ఆమె ఎదుటే జరిగింది. రైలు టికెట్ మీద ఎవరైనా బేరమాడతారా? పెద్ద దుకాణంలో ధర చీటీ చూసి నోరు మెదపరు. పొదుపంతా పేదవాడి గడపలోనే గుర్తొస్తుంది!

అసలు తక్కువ ఖర్చుతో తిరగడం మాకు కొత్తా? మా అమ్మ పుట్టిల్లు పాలమూరు ప్రాంతంలోని నారాయణపేట వైపు. మా మేనమామలు కరువు కాలంలో బట్టల మూట, సద్దిరొట్టెలు కట్టుకుని బొంబాయి బస్సెక్కారు. పాలమూరు కూలీలు మట్టి మోయని ప్రాజెక్టు ఈ దేశంలో ఎక్కడుంది? వాళ్లను ఎవరూ యాత్రికులనలేదు, వలస కూలీలన్నారు. స్టేషన్ ప్లాట్‌ఫారం మీద పడుకుంటే పోలీసులు లాఠీతో తట్టి లేపేవారని పెద్దమామయ్య ఇప్పటికీ చెబుతాడు. అదే ప్లాట్‌ఫారం మీద సంచి తలకింద పెట్టుకుని ఒక రాత్రి పడుకుంటే ఇప్పుడు సాహసం, దానికి వేలమంది చప్పట్లు. మా మామయ్యకు ఆ చప్పట్లు ఎవరు బాకీ?