సాగర్ గేట్ల గొడవలో పూడిక సంగతి ఎవరికీ పట్టలేదు

కృష్ణా నీళ్ల మీద రెండు రాష్ట్రాల మీటింగ్ అనగానే టీవీల్లో ఒకటే లెక్క, ఆంధ్రకి 512, తెలంగాణకి 299. కృష్ణా నీళ్లని రాష్ట్రాలకి పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చిన 811 టీఎంసీల్ని 2015లో ఢిల్లీలో కూర్చుని "ఈ ఒక్క ఏడాదికి" అని పంచుకున్న పంపకం అది. ఆ ఏడాది ఇంకా అయిపోలేదు మరి! ఏటా కృష్ణా బోర్డు మీటింగ్ పెడుతుంది, తెలంగాణ సగం కావాలంటుంది, ఆంధ్ర కుదరదంటుంది, మినిట్స్ రాసుకుని ఎవరి దారిన వాళ్లు పోతారు.

2023 నవంబర్ 30 గుర్తుందిగా, తెలంగాణలో పోలింగ్ రోజు. తెల్లారేసరికి ఏపీ పోలీసులు సాగర్ డ్యామ్ మీదికొచ్చి 26 గేట్లలో సగం మావేనని మధ్యలో బారికేడ్లు పెట్టేసి ఆంధ్రకి నీళ్లిచ్చే కుడి కాలువకి నీళ్లు వదిలారు, చివరికి కేంద్రం కలగజేసుకుని సీఆర్‌పీఎఫ్‌ని దించాల్సొచ్చింది. కుడి కాలువ చేతికొచ్చిందని సంబరపడొచ్చు గానీ ఎడమ కాలువ సంగతేంటి? అది నల్గొండ, ఖమ్మం వైపు పొలాలన్నీ తడిపాక గానీ తిరువూరు, నూజివీడు వైపు రాదు, అంటే ఆ చివరి ఆంధ్ర రైతుకి నీళ్లు అందాలంటే పైన తెలంగాణ ఇంజనీర్లు వదలాలి. ఆ రాత్రి ప్లాన్ వేసినవాళ్లకి ఇది తట్టిందో లేదో.

అసలు విషయం ఇంకోటుంది. శ్రీశైలం కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు 215 చిల్లర. సాగర్ 408 నుంచి 312కి వచ్చింది. రెండూ కలిపితే దాదాపు 189 టీఎంసీల చోటు పూడికకే పోయింది, దాని మీద మాత్రం ఎవరూ కోర్టుకెళ్లలేదు. స్టోరేజీ వేరు, ఏడాది వాటా వేరు, నిజమే, కానీ వరదొచ్చిన నాలుగు వారాల్లో పట్టి ఉంచుకోలేని నీళ్లు సముద్రంలోకి పోతాయి, ఆ తర్వాత ఎవరి వాటా ఎంతయితే ఏం లాభం?

పైన కర్ణాటకలో కృష్ణా మీదే ఆల్మట్టి డ్యామ్ ఉండనే ఉంది. దాని నీటిమట్టం 519.6 మీటర్ల నుంచి 524.256కి పెంచుకోమని బచావత్ తర్వాత వచ్చిన బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ 2010లోనే అంది, ఆ తీర్పు గెజిట్‌కి ఎక్కకుండా సుప్రీంకోర్టు 2011లో ఆపింది కాబట్టి సరిపోయింది. ఈ విషయంలో ఏపీ, తెలంగాణ రెండిటిదీ ఒకే బాధ, కానీ ఒకే గొంతుతో మాట్లాడరు.

ఇలా అంటే "మన వాటా వదిలేయమంటావా" అని మీదికొస్తారు. ఎందుకు వదలడం, ట్రిబ్యునల్ ముందు గట్టిగానే కొట్లాడండి. బచావత్ కూడా 1973లో ఇదే ఫైనల్ అనకుండా 2000 మే 31 తర్వాత మళ్లీ చూసుకోవచ్చని రాసిపెట్టాడు, వీళ్లు మళ్లీ మళ్లీ ఎదురెదురు కూర్చోక తప్పదని ఆయనకి తెలుసు.

2025 జూలై 16న ఢిల్లీలో చంద్రబాబు, రేవంత్ కూర్చున్నప్పుడు హెడ్‌లైన్లన్నీ గోదావరి నీళ్లని రాయలసీమకి మళ్లించే బనకచర్ల ప్రాజెక్టు మీదే. కాలువల దగ్గర టెలిమెట్రీ, అంటే ఎంత నీళ్లు పోతున్నాయో వాటంతటవే కొలిచి పంపే మీటర్లు, పెట్టడానికీ, శ్రీశైలం రిపేర్లకీ ఒప్పుకున్న సంగతి కింద ఎక్కడో నాలుగు లైన్లు. నాకైతే ఆ మీటింగ్‌లో పనికొచ్చింది అదే, ఎవరు ఎంత తోడారో ఇన్నాళ్లూ ఒకరి లెక్క ఒకరు నమ్మలేదు కాబట్టే సగం గొడవలు. ఇప్పుడు చూడాల్సింది ఒకటే, ఆ మీటర్లు నిజంగా పెడతారా, పెట్టాక రీడింగులు రోజూ జనాలకి కనపడేలా ఉంచుతారా లేక బోర్డు ఆఫీసు ఫైళ్లలోనే పెట్టుకుంటారా అని.