శ్రీయుత 120/80 గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నూట ఇరవై బై ఎనభై గారి సముఖానికి,

తమరు క్షేమమేనని వేరే అడగనక్కర్లేదు. ప్రపంచంలో ఏ డాక్టరు గదికి వెళ్లినా తమ పేరే ఆదర్శం. నా ఫిర్యాదల్లా తమరు మా ఇంటికి వచ్చినప్పుడల్లా జరిగే అనర్థం గురించి.

మా బాబాయికి బీపీ. డాక్టరు రోజుకొక మాత్ర రాశారు, కొన్నాళ్లు బుద్ధిగానే వేసుకున్నాడు. ఒకరోజు పొద్దున్నే మిషన్ తెర మీద తమరు ప్రత్యక్షమయ్యారు. బాబాయి వెంటనే ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. అందరూ దండాలూ పూలగుత్తులూ పంపారు. ఆ రాత్రికే మాత్రకు ఉద్వాసన. "నార్మల్ అయిపోయింది కదా, ఇంకా ఎందుకు?" అన్నాడు.

సొమ్మొకడిది, సోకొకడిది. రాత్రింబవళ్లు రక్తనాళాలను సడలించి తమర్ని కిందకు దించింది ఆ మాత్ర. ఫొటోలో పడింది మాత్రం తమరు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లు పూర్వం నుంచీ ఉన్నారు. ఏటి మధ్యలో, తెప్ప మీదే నిలబడి, "కాళ్లు తడవడం లేదుగా" అని తగలేసేవాళ్లు తమ పుణ్యాన తయారవుతున్నారు.

అక్కడితో ఆగినా బాగుండేది. అమ్లోడిపిన్ అనే మాత్ర చాలామంది వేసుకుంటారు, బాబాయిదీ అదే. ఒంట్లో దాని మోతాదు సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. అంటే మానేసిన మర్నాడూ, ఆ మర్నాడూ తమరు ఏమీ ఎరగనట్టు తెర మీద కూర్చునే ఉంటారు. "చూశారా, మాత్ర లేకుండానే నార్మల్!" అని బాబాయి ఇల్లంతా తిరిగి చెప్పాడు. అది మాత్ర పోతూ పోతూ చేసిపెట్టిన పని అని తమరు నోరు విప్పి చెప్పలేదు. ఇంకొన్నాళ్లకు చెప్పాపెట్టకుండా జారుకున్నారు. అప్పటికి మిషన్ అలమరాలో పాత బట్టల కిందకు చేరింది. తమరు వెళ్లిన సంగతి తెలియడానికి తలనొప్పా, కళ్లు తిరగడమా, చాలామందికి ఏదీ ఉండదు. చాప కింద నీరులా మెదడుకూ గుండెకూ మూత్రపిండాలకూ కంటి లోపలి సన్నటి నాళాలకూ జరిగేది జరుగుతూనే ఉంటుంది. బీటా బ్లాకర్లు, క్లోనిడిన్ లాంటి మందులను ఉన్నపళంగా ఆపితే కథ ఇంకా అన్యాయం. తమరు వెళ్లడమే కాదు, తమ స్థానంలో మునుపటికన్నా పెద్ద అంకెలు వచ్చి కూర్చోవచ్చు.

ఇక పుస్తకం సంగతి. రోజూ చూసి రాసుకు రమ్మన్నారు డాక్టరు. బాబాయి పుస్తకం తీస్తే ప్రతి పేజీలోనూ తమరే, పెళ్లి ఆల్బమ్‌లో పెళ్లికొడుకులా. అది ఎలా తయారవుతుందో నేను పక్కన కూర్చుని చూశాను. మొదట 154/96 వచ్చింది. "ఇప్పుడే మెట్లెక్కి వచ్చానురా" అన్నాడు. తర్వాత 148/92. "కాలు మీద కాలు వేసుకున్నాను, లెక్కలోకి రాదు." ఆ తర్వాత పట్టీ వదులన్నాడు, నువ్వు మాట్లాడించావన్నాడు. చివరికి 131/84 రాగానే "ఇదీ అసలు రీడింగ్" అని పెన్ను అందుకున్నాడు. పుస్తకంలోకి ఎక్కేసరికి ఆ 131 కూడా చిక్కి 120 అయింది.

విచిత్రం ఏమిటంటే, ఆ సాకుల్లో ప్రతి ఒక్కటీ శాస్త్రం ఒప్పుకునేదే. మెట్లెక్కినా, కాలు మీద కాలు వేసినా, మాట్లాడినా బీపీ ఎక్కువ చూపిస్తుంది. అందుకే చూసుకోవడానికి అరగంట ముందు నుంచి కాఫీ, సిగరెట్, వ్యాయామం వద్దంటారు. మూత్రం ఆపుకుని కూర్చోకూడదు. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. పట్టీ చొక్కా మీద కాకుండా చేతికే చుట్టి, ఆ చెయ్యి గుండె ఎత్తులో ఉంచాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి, రెండూ రాయాలి. జరుగుతున్నంతసేపూ నోరు మూసుకోవాలి (మా బాబాయికి అన్నిటికన్నా కష్టమైన పథ్యం ఇదే). కానీ ఈ పాండిత్యమంతా 154 కనిపించాకే బయటికొస్తుంది. తమరు కనిపించిన రోజు పరుగెత్తుకొచ్చి చూసుకున్నా ఎవరికీ అభ్యంతరం లేదు.

తమ పేరు చెప్పి చెలామణీ అయ్యే ఇంకో మాట "వయసుకి నార్మలే". ఈ మాట పెద్ద పెద్దవాళ్లనే ముంచింది. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు 1944 మార్చిలో బీపీ 186/108. ఆయన ఆరోగ్యం వయసుకు తగ్గట్టు బాగానే ఉందని సొంత వైద్యుడు లోకానికి చెబుతూ వచ్చాడు. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై అధ్యక్షుడు పోయాడు, ఆరోజు 300/190 చూపించింది. ఆయన కాలానికి చేతిలో సరైన మాత్ర లేదు. క్లోరోథయాజైడ్ అనే బీపీ మాత్ర వచ్చింది 1958లో. బ్రెజిల్‌లోని ఒక పాము విషంలోని పదార్థాల ఆధారంగా తయారుచేసిన క్యాప్టోప్రిల్‌కు అమెరికాలో అనుమతి దొరికింది 1981లో. దేశాన్ని ఏలినవాడికి దొరకని మందు మా బాబాయి దిండు కింద, సగం చించిన అట్టలో, భద్రంగా ఉంది.

మాత్రతో ఇబ్బందులే లేవని నేను అనను. అమ్లోడిపిన్‌తో కొందరికి చీలమండలు వాస్తాయి, క్యాప్టోప్రిల్ జాతి మందులతో కొందరికి పొడిదగ్గు పట్టుకుంటుంది. ఆ మాట డాక్టరుతో చెబితే మందు మారుస్తారు. బాబాయి చెప్పడు, మానేస్తాడు. ఎప్పుడో ఒకసారి డాక్టరు దగ్గర పట్టీ చుడితే పెద్ద అంకె. "వేసుకుంటున్నారా?" అంటే "క్రమం తప్పకుండా అండీ!" పాపం ఆయన ఒక మాత్ర చాలడం లేదనుకుని రెండోది రాస్తారు. ఇప్పుడు బాబాయి రెండు మాత్రలు మానేస్తున్నాడు.

పైగా మాత్రకూ నడకకూ తగవు పెట్టిందీ తమరే. "మందులొద్దు, వాకింగ్‌తో తగ్గించుకుంటా" అని బూట్లు కొన్నాడు. అవి ఇప్పటికీ కొత్తవే. నడవడం, బరువు తగ్గడం, మద్యం మానడం, ఉప్పు తగ్గించడం, అన్నిటికీ బీపీ దిగుతుంది. కొందరికి మోతాదు తగ్గించే అవకాశం కూడా వస్తుంది, అయితే అది డాక్టరు చూసి తగ్గించేది. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, అంటే మొత్తం మీద ఒక టీస్పూను. బాబాయి ఉప్పు డబ్బా బల్ల మీంచి తీయించి, త్యాగం చేసిన మొహం పెట్టి, ప్యాకెట్ తిండి ముందేసుకుంటాడు. అందులో ఉప్పు లేనట్టే! మోకాలి నొప్పికి అడపాదడపా మింగే ఐబుప్రొఫెన్ కూడా బీపీని పెంచగలదని ఎవరైనా అంటే, అది వేరే డిపార్టుమెంటు అంటాడు.

కాబట్టి తమరికి మనవి. రావద్దని అనడం లేదు. అసలు తమరే రావాలన్న పట్టుదల కూడా లేదు. చాలామందికి 140/90 లోపు, గుండెజబ్బు లాంటివి ఉన్నవాళ్లకు పై అంకె 130 లోపు ఉంచాలని చూస్తారట. వచ్చినప్పుడు మాత్రం తెర మీద, తమ అంకెల కింద, చిన్న అక్షరాల్లో ఈ రెండు లైన్లు వేయించండి: "సౌజన్యం: రోజూ వేసుకుంటున్న మాత్ర. సహకారం: ఉప్పు తగ్గించి వండి తిట్లు తిన్న పిన్ని."

ఇట్లు,
తమ రాకకు సంతోషించాలో భయపడాలో తెలియని ఒక అన్నకొడుకు

తా.క.: ఈ ఉత్తరం పంపేముందు బాబాయికి చదివి వినిపించాను. చాలా బాగుందన్నాడు. ఎదురింటాయనకి తప్పకుండా పంపమన్నాడు, ఆయనకి బీపీ ఉందట.