విశ్వాసమా, ధర్మశాస్త్రమా: అంతియొకయ పంక్తిలో అసలు ప్రశ్న

మనిషి దేవుని ఎదుట నీతిమంతుడిగా నిలిచేది విశ్వాసం వల్లనే కానీ క్రియల వల్ల కాదన్న సిద్ధాంతం పేరు ఎత్తితే మొదట గుర్తొచ్చేది పదహారో శతాబ్దపు జర్మన్ మత సంస్కర్త మార్టిన్ లూథర్. క్రియలు లేని విశ్వాసం మృతమన్న, బైబిలు కొత్త నిబంధనలోని యాకోబు పత్రికను ఆయన 1522లో గడ్డి పత్రిక అని తీసిపారేశాడు. అలాగని ధర్మశాస్త్రాన్నే, అంటే మోషే ద్వారా యూదులకు వచ్చిన ఆజ్ఞలనే, ఆయన వద్దన్నాడనుకోవడం సరికాదు. ఒకప్పటి శిష్యుడు యోహానెస్ అగ్రికోలా క్రైస్తవులకు ధర్మశాస్త్ర బోధ అక్కర్లేదని వాదిస్తే, 1537 నుంచి వరుస చర్చల్లో ఆ వాదాన్ని ఖండించింది లూథరే. 1529లో ఆయన రాసిన చిన్న ప్రశ్నోత్తరి మొదలయ్యేది పది ఆజ్ఞలతోనే. 1842లో మిషనరీ హయ్యర్ గుంటూరుకు రావడంతో ఆరంభమైన మన లూథరన్ సంఘానికీ అదే బోధగ్రంథం. ఈ విషయంపై కతోలికులు, లూథరన్లు 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశారు కాబట్టి పాత తగువు చాలావరకు తీరిందనే చెప్పాలి.

అయితే లూథర్‌ను వేధించిన ప్రశ్న, పాపభారంతో కుంగిన ఒంటరి మనిషి దేవుని ముందు ఎలా నిలవగలడన్నది. తొలి క్రైస్తవ ప్రచారకుడు, అపొస్తలుడు పౌలును కోపంతో లేపిన ప్రశ్న వేరు. గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం చూడండి. యేసు శిష్యుడు పేతురు సిరియాలోని అంతియొకయ నగరంలో యూదేతర విశ్వాసులతో కలిసి భోంచేస్తూ ఉండేవాడు. యెరూషలేము నుంచి అక్కడి సంఘ పెద్ద యాకోబు తాలూకు మనుషులు కొందరు రాగానే, సున్నతి పొందినవారికి భయపడి, మెల్లగా పంక్తి నుంచి తప్పుకున్నాడు. మిగిలిన యూదులూ లేచిపోయారు; పౌలుకు తోడుగా ఊరూరా తిరిగిన బర్నబా సైతం వారితో కలిశాడు. పౌలు అందరి ముందు పేతురును నిలదీశాడు. ధర్మశాస్త్ర క్రియల వల్ల ఎవరూ నీతిమంతులు కారన్న ప్రసిద్ధ వాక్యం ఆ నిలదీత వెంటనే వస్తుంది. పంక్తిభేదం ఎరిగిన మనకు ఈ ఘట్టాన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

అంటే పౌలు తిరస్కరించింది నీతి నియమాలను కాదు, దేవుని ప్రజల్లో ఒకరిని లోపలివారిగా, మరొకరిని బయటివారిగా నిలబెట్టే సున్నతి, భోజన నియమాల వంటి గుర్తులను. విశ్వాసం ధర్మశాస్త్రాన్ని కొట్టివేయదు, స్థిరపరుస్తుందని రోమీయులకు రాసిందీ, పొరుగువాణ్ణి ప్రేమించమన్న ఒక్క మాటలో ధర్మశాస్త్రమంతా నెరవేరుతుందని గలతీయులకు చెప్పిందీ ఆయనే. ఆనాటి యూదులు క్రియలతో రక్షణ కొనుక్కోవాలని చూసేవారన్న పాత చిత్రణను 1977లో బైబిలు పండితుడు ఇ.పి. శాండర్స్ గట్టిగా ప్రశ్నించాక ఈ దృష్టికి బలం పెరిగింది. దీన్ని పూర్తిగా ఒప్పుకోని పండితులూ ఉన్నారు. నాకు మాత్రం అంతియొకయ ఘట్టానికి ఇంతకంటే సహజమైన వివరణ కనిపించదు.

లూథర్ ప్రశ్నకూ పౌలు ప్రశ్నకూ ఉన్న ఈ తేడాకు దక్షిణ భారతదేశపు క్రైస్తవ చరిత్రలో చేదు సాక్ష్యం ఉంది. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్, ఆరాధనలో, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం కలిసి పంచుకునే సంస్కారం) దగ్గర కులభేదాలు వెంటనే మానాలని ఆదేశిస్తే, తంజావూరులో చాలామంది క్రైస్తవులు ఎదురుతిరిగారు. కులం విషయంలో చూసీచూడనట్లు ఉన్న జర్మనీకి చెందిన లైప్‌జిగ్ మిషన్‌లో వారిలో పలువురు తర్వాత చేరారు. విశ్వాసం వల్లనే నీతి అన్న సిద్ధాంతానికి ఆ లూథరన్ మిషన్ పెట్టింది పేరు.