రంప కథ 1922లో మొదలు కాలేదు

రంపచోడవరానికి కూతవేటు దూరంలో, కొండల అంచున, రంప అనే చిన్న ఊరు ఉంది. ఒక పాత శివాలయం తప్ప బాటసారిని నిలబెట్టే ఆనవాళ్లు అక్కడ పెద్దగా కనిపించవు. చరిత్ర పుస్తకాల్లో మాత్రం రెండు పితూరీలకు, అంటే తిరుగుబాట్లకు, ఆ ఊరి పేరే నిలిచింది. రంప అనగానే మనకు 1922 ఆగస్టు, చింతపల్లి పోలీసు ఠాణా మీద దాడి, అల్లూరి సీతారామరాజు గుర్తుకొస్తారు. ఆ స్మృతి గౌరవించదగినదే. అయితే ఆ పేరు అంతకు నలభై మూడేళ్ల ముందే, 1879 మార్చిలో, మదరాసు ప్రభుత్వాన్ని కలవరపెట్టింది. ఆ మొదటి పితూరీని పక్కన పెట్టినంత కాలం రెండోది మనకు సగమే అర్థమవుతుందని నా అభిప్రాయం.

కొండ రెడ్లు, కోయలు బతికిన ఈ ప్రాంతంలో పాలన ముఠాల వారీగా సాగేది. కొన్ని ఊళ్లు కలిస్తే ఒక ముఠా, దానికొక ముఠాదారు, వారందరి పైన పెత్తందారుగా రంప మన్సబుదారు. కుంపిణీ ప్రభుత్వం కొండల్లోకి నేరుగా అడుగుపెట్టకుండా, శాంతి కాపాడాలన్న షరతుతో 1813లో ఆ మన్సబుదారుకు సనదు, అంటే అధికార పత్రం, ఇచ్చింది. 1835లో ఆయన చనిపోయాక వారసత్వ తగాదా తలెత్తింది. ముఠాదార్లు వారసులను అంగీకరించలేదు. ఎన్నో ఏళ్ల అలజడి తర్వాత 1848లో ప్రభుత్వమే మధ్యవర్తిగా నిలిచి ఒక ఒప్పందం కుదిర్చి, తనకు అనుకూలుడైన మన్సబుదారును వారి నెత్తిన కూర్చోబెట్టింది. ఆ తర్వాతి మూడు దశాబ్దాల్లో ఆయన పాత ముఠాదార్లను కొందరిని తొలగించాడు, ఒప్పందంలో లేని పన్నులు వేశాడు. ఫిర్యాదు చేసుకోవాలంటే కొండ మనిషి మైదానంలోని కచేరీకి దిగి రావాలి, తాను చదవలేని కాగితం మీద గుర్తు పెట్టాలి. సివిల్ కోర్టు డిక్రీ చేతబట్టుకుని షావుకారు అప్పు కింద పశువులను తోలుకుపోతుంటే అడ్డుపడే దారి వారికి దొరకలేదు.

ఇన్ని బాధలున్నా నిప్పు రాజేసింది కల్లు. ఈ మాట తేలికగా తీసుకోదగినది కాదు. అడవి కొట్టి సాగుచేసే పోడు చేలో గింజ చేతికి రావడానికి ముందు, ఎండాకాలపు నెలల్లో, జీలుగు కల్లు, తాటి కల్లు కొండవారికి సగం తిండి. తన చెట్టు కల్లు తాను గీసుకుని ఇంటిల్లిపాదీ తాగడం పన్ను కట్టవలసిన పని అవుతుందని వారి తాతముత్తాతలు ఊహించి ఉండరు. మన్సబుదారు చిగురుపన్ను పేరుతో దానిపై వసూలు మొదలుపెట్టాడు. ఆపైన మద్యం మీద ప్రభుత్వం తెచ్చిన అబ్కారీ నిబంధనలు ఇంటి వాడకానికి కల్లు గీయడాన్నే నిషేధించి, ఆ హక్కును మైదానపు గుత్తేదార్లకు అప్పగించాయి. గుత్తేదారు మనుషులు వసూలుకు కొండెక్కారు, వారి వెంట పోలీసులూ ఎక్కారు. రంపచోడవరం ప్రాంతంలో రాజుకున్న పితూరీ గూడెం కొండల వైపూ భద్రాచలం వైపూ పాకింది. దాన్ని అణచడానికి మదరాసు సైన్యపు పటాలాలు దిగవలసి వచ్చింది. చివరికి ప్రభుత్వం మన్సబుదారీని రద్దు చేసి, ముఠాదార్లతోనే నేరుగా ఒడంబడిక చేసుకుంది, కల్లు ఆంక్షలను సడలించింది. కొండవారి ఫిర్యాదులో న్యాయముందని ఏలికలే ఈ విధంగా ఒప్పుకున్నట్టయింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ముఠాదార్లు పోడు కొట్టుకునే సామాన్యులు కారు. వసూలు చేసేవారు వారే, తమ పెత్తనం పోయిందన్న కోపమూ వారిదే. కారం తమ్మన్నదొర వంటి 1879 పితూరీ నాయకుల పోరాటాన్ని అణగారిన రైతు పోరాటంగా మాత్రమే చెబితే అది నిజానికి దూరమవుతుంది. కాని దొర కోపమూ సామాన్యుడి కల్లు కుండా ఒకే చోట కలిశాయి కాబట్టే కొండ అంతా కదిలింది. ఒక్క దొర తగాదాయే అయితే అది రెండు ముఠాలు దాటి పోయేది కాదు.

1882లో మదరాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవికి హద్దురాళ్లు పడ్డాయి. చెట్టు కొట్టి, ఎండినాక కాల్చి, వానకు ముందు సామ, కొర్ర, కంది చల్లుకునే పోడు ఆ హద్దుల లోపల నేరమయింది. తర్వాత బాటలు వచ్చాయి. నర్సీపట్నం నుంచి లంబసింగికి బాట వేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలి సరిగా ఇవ్వకుండా కొండవారితో వెట్టి చేయించాడు. సీతారామరాజు వచ్చేనాటికి గాం గంటందొర, మల్లుదొర సోదరుల వంటివారు ఆ అధికారితో తలపడి నష్టపోయి ఉన్నారు. రాజు ఆ కోపాన్ని ఒక దారికి తెచ్చాడు, దానికి క్రమశిక్షణను, దేశస్వాతంత్ర్యమనే లక్ష్యాన్ని ఇచ్చాడు. ఆ కోపం మాత్రం అంతకు ముందే కొండల్లో ఉంది. 1924 మేలో రాజును కాల్చి చంపాక మల్లుదొర శిక్ష అనుభవించి, 1952లో తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఆ సంగతి మన బడి పిల్లల్లో ఎందరికి చెబుతున్నాం?

ముఠాల వ్యవస్థ 1969 నాటి రెగ్యులేషన్‌తో రద్దయింది. మరుసటి ఏడాది వచ్చిన 1/70 చట్టం ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా గట్టి కట్టడి చేసింది. ఈ రెండింటికంటే నాకు ముఖ్యమనిపించేది 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమాల్లోని ఒక చిన్న అంశం. పోడు హక్కు తేల్చేటప్పుడు ఊరి పెద్దలు చెప్పిన మాటను రాసుకుని సాక్ష్యంగా స్వీకరించవచ్చని అవి చెబుతున్నాయి. 1813 సనదు మొదలు అబ్కారీ గుత్త దాకా ప్రతి కాగితమూ కొండవాడి మాట లేకుండానే రాసినది. ఆ మాటకు ఇప్పుడు విలువ దక్కింది. అయితే ఏ వాలు మీద ఎవరి తాత పోడు కొట్టాడో, ఏ జీలుగు చెట్టు ఏ ఇంటిదో చెప్పగల ముసలివారు ఏటేటా తగ్గిపోతున్నారు. విగ్రహాలకూ జయంతులకూ పెట్టే ఖర్చులో కొంత తీసి, ప్రతి గూడెంలో వారి మాటలను వారి భాషలోనే నమోదు చేయించే పని ప్రభుత్వమూ విశ్వవిద్యాలయాలూ ఈ ఏడాదే మొదలుపెట్టాలి.