ఫిరంగి పోయి నాగలి వచ్చె ఢాం ఢాం ఢాం

మహారాజశ్రీ షెర్మన్ ట్యాంకు దొరగారికి,
(ప్రస్తుత నామధేయం షెర్విక్)
కోంగ్వా క్యాంపు, టాంగన్యికా (నేటి టాంజానియాలో).

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. కానీ అటు వైపు కుశలం ఏమీ లేదని మాకు తెలుసు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాం. ఇకనుంచి గారూ మీరూ ఉండవు, ఏమీ అనుకోకు. దుక్కి దున్నేవాణ్ణి దొరా అంటే వాడికే నవ్వొస్తుంది.

నీ కొత్త పేరు మాకు భలే నచ్చింది. షెర్మన్‌లో ముందు సగం, విక్కర్స్‌లో ముందు సగం. రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక బ్రిటన్ ఆయుధాల కంపెనీ విక్కర్స్-ఆర్మ్‌స్ట్రాంగ్స్ వాళ్లు నీ టరెట్ (ఫిరంగి తిరిగే గుమ్మటం) ఊడబీకి, పై కవచం కోసేసి, నిన్ను ట్రాక్టరన్నారు. పెళ్లికొడుక్కి పాత చొక్కా ఇస్త్రీ చేసి తొడిగినట్టు. పెళ్లికూతురు వేరుశనగ.

ఈ సంబంధం కుదిర్చినవాళ్లను తప్పుపట్టడానికి ముందు వాళ్ల కష్టం కూడా చెప్పాలి. 1946లో బ్రిటన్‌లో నూనె, కొవ్వు ఇంకా రేషన్‌లోనే ఉన్నాయి. ఆఫ్రికాలో వ్యాపారం చేసే యునైటెడ్ ఆఫ్రికా కంపెనీ పెద్ద ఫ్రాంక్ శామ్యూల్‌కు ఒక ఆలోచన వచ్చింది: తూర్పు ఆఫ్రికాలో ఖాళీగా పడున్న అడవి కొట్టేసి శనక్కాయలు వేద్దాం అని. జాన్ వేక్‌ఫీల్డ్ బృందం వెళ్లి కొన్ని వారాలపాటు, చాలావరకు విమానంలోంచే, నేలను చూసొచ్చింది. పైనుంచి చూస్తే అంతా బల్లపరుపే కదా. ఆహార మంత్రి జాన్ స్ట్రాచీ సరే అన్నాడు. 32 లక్షల ఎకరాలు, దాదాపు 2.5 కోట్ల పౌండ్లు. ఒక్కో పొలం 30,000 ఎకరాలు! మన దగ్గర గట్టు జరిపాడని జానెడు నేలకు కోర్టుకెళ్లేవాడు ఈ లెక్క వింటే అక్కడే కూలబడతాడు.

1947లో మొదటి లక్ష్యం 150,000 ఎకరాలు. కొత్త ట్రాక్టర్లు దొరకవు, కాబట్టి ఫిలిప్పీన్స్‌లో అమెరికా సైన్యం వదిలేసిన పాత బండ్లను కొనుక్కొచ్చారు. ఆ వేసవి దాటేసరికి మూడింట రెండు వంతులు మూలన పడ్డాయి. అప్పుడు గుర్తొచ్చావు నువ్వు. నీ అన్నదమ్ములు 49,000 పైచిలుకు. ఫిరంగి గుండుకే చలించనివాడు చెట్టు మొద్దుకు చలిస్తాడా అని అనుకుని ఉంటారు.

చలిస్తాడు. ఎందుకో నీకు చెప్పనక్కర్లేదు గానీ, ట్యాంకును ట్రాక్టరు చేద్దామని ఇంకెవరైనా అనుకుంటారేమోనని విడమరిచి రాస్తున్నాం.

ముందు గేర్లు. నీకు ముందుకు అయిదు. మొదటి గేరు నిష్పత్తి 7.56, రెండోది 3.11. అంటే మొదటి గేరులోంచి రెండోదానికి మారగానే వేగం దాదాపు రెండున్నర రెట్లవుతుంది. దున్నే యంత్రం బతుకంతా గంటకు మూడు నుంచి ఆరు కిలోమీటర్ల మధ్యే గడుస్తుంది. నీకు సరిగ్గా అక్కడే పెద్ద గొయ్యి. మొదటి గేరులో ఇంజను అరుస్తుంది, పని జరగదు. రెండో గేరులో వేళ్లకు తగులుకోగానే డ్రైవరు క్లచ్చును సగం తొక్కి పట్టుకుంటాడు, అది కాలిన వాసన కొడుతుంది. నీ మొదటి గేరు గుట్ట ఎక్కడానికి పెట్టింది, పొద్దస్తమానం కాడి లాగడానికి కాదు.

తరవాత మలుపు. బుల్డోజరులో ఒక పక్క క్లచ్చు వదిలి ఆ పక్క బ్రేకు పడితే నిలబడ్డచోటే గిర్రున తిరుగుతుంది. నీలో ఉన్నది కంట్రోల్డ్ డిఫరెన్షియల్. లివరు లాగితే ఒక పక్క ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టా) నెమ్మదిస్తుంది, రెండో పక్కది ఆ మేరకు వేగం పెంచుతుంది, ఏదీ పూర్తిగా ఆగదు. రోడ్డు మీద హాయి. కానీ నువ్వు ఒక చుట్టు తిరగాలంటే 62 అడుగుల వ్యాసం కావాలి. చెట్టుకూ చెట్టుకూ మధ్య అంత జాగా ఉంటే ఆ అడవిని కొట్టడం దేనికి?

ఇక స్ప్రింగులు. ఇదే అన్నిటికన్నా పెద్ద తిప్పలు, మన పెద్దలు చూడనిదీ ఇదే. ట్రాక్టరు చక్రాల చట్రం బిర్రుగా ఉంటుంది; ముందు బ్లేడు ఎంత లోతున పెడితే అంత లోతునే గీస్తుంది. ట్యాంకుగా నీకు ఒక్కో పక్క మూడేసి బోగీలు (రెండేసి చక్రాల జతలు), వాటిలో నిలువు స్ప్రింగులు, చక్రాలకు రబ్బరు తొడుగు. పరుగెత్తేటప్పుడు లోపలివాళ్ల నడుములు విరగకుండా చేసిన ఏర్పాటు అది. బ్లేడు కట్టి తోస్తే ఏమవుతుంది? మొద్దు తగలగానే ముక్కు వంగుతుంది, బ్లేడు మట్టిలోకి దిగబడుతుంది. బరువు పెరిగి వేగం తగ్గుతుంది, ముక్కు లేస్తుంది, బ్లేడు గాల్లోకొస్తుంది. వెనక్కి తిరిగి చూస్తే నేల చదునయ్యే బదులు ఉయ్యాల ఊగినట్టు అలలు అలలుగా ఉంటుంది. ఆ రబ్బరు తొడుగులను మోళ్లు ముక్కలు ముక్కలుగా పీక్కుంటాయి.

ట్రాక్ సంగతి కూడా చెప్పేస్తాం. నువ్వు ట్యాంకువైనప్పుడు ఒక్కో పక్క 79 పలకలు. పలకకూ పలకకూ మధ్య చివరలకు రెండు కనెక్టర్లు, ప్రతి కనెక్టరుకూ ఒక చీలిక, దాన్ని పట్టి ఉంచే ఒక బోల్టు. లెక్కేస్తే పక్కకు 158, మొత్తం 316 బోల్టులు. రోజూ పొద్దున్నే సుత్తితో కొట్టి చూడాలి. గణగణమంటే బిగువు, దబ్‌మంటే వదులు. ఒక్కటి వదిలేసినా సాయంత్రానికి ట్రాక్ ఊడి పక్కన పాములా పడుంటుంది. పైగా నీ తోలుడు చక్రం, అంటే ట్రాక్‌ను తిప్పే చక్రం, ముందుంటుంది. లాగే బిగువంతా పై పలకల మీదుగా వెనక చక్రం చుట్టూ తిరిగొస్తుంది కాబట్టి పిన్నులు త్వరగా అరుగుతాయి. చాలా ట్రాక్టర్లకు తోలుడు చక్రం వెనకెందుకుంటుందో నిన్ను కోసేముందు ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది.

ఇంతకీ నీకెదురొచ్చిందెవరు? బావోబాబ్ చెట్టు, మాను మహా లావు. గోల్కొండ నయా ఖిలాలో హతియాన్ చెట్టును చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఒక్కటి చూడ్డానికే జనం పనిగట్టుకుని వెళ్తారు, నువ్వేమో అలాంటివాటిని వరసపెట్టి పడగొట్టాలి. తొర్రల్లో తేనెటీగలు వేరే. చివరికి పని చేసిన ఉపాయం ఏమిటంటే, రెండు బుల్డోజర్ల మధ్య ఓడ లంగరు గొలుసు కట్టి ఈడ్చడం, వెనకనుంచి మూడోది తోయడం. గొలుసు పంపమని ఆర్డరు పెడితే లండన్లో మొదట వేళాకోళం అనుకున్నారట. సముద్రానికి వందల మైళ్ల దూరంలో లంగరెందుకని! ఆ ఫైలు మొత్తంలో వాళ్లు సందేహించిన వస్తువు ఆ గొలుసొక్కటే, పనికొచ్చిందీ అదే.

చెట్టు కూలిన తరవాత అసలు పని మొదలు: వేళ్లు. బ్లేడు వంచినవీ, నాగలి పళ్లు విరిచినవీ అవే. ఆ మట్టిలోని గరుకు ఇసుక ఉక్కును ఆకురాయిలా అరగదీసింది. 1947లో అనుకున్న లక్షన్నర ఎకరాలకు గాను తేలింది 7,500 ఎకరాల దగ్గరే.

మట్టి దగ్గరికొస్తే అనంతపురం పక్క ఏ రైతునడిగినా ఒక్క ముక్కలో చెప్పేవాడు. పూత తరవాత ఊడలు నేలలోకి దిగాలి, దానికి గుల్ల నేల కావాలి. తడి ఆరకముందే చెట్టు పీకాలి. ఆరితే చెట్టు చేతికొస్తుంది, కాయ భూమిలో ఉండిపోతుంది. కోంగ్వాలో బంకమట్టి, వాన పోయిందంటే ఇటుకే. పాతికెకరాల మెట్టరైతుకు తెలిసింది 30,000 ఎకరాల నక్షాలో ఎక్కడా లేదు. వానలు ఎగ్గొట్టాక పొద్దుతిరుగుడు కూడా వేసి చూశారు, అదీ మాడిపోయింది.

నీ తోటివాళ్లందరి రాత ఇలాగే లేదు, అది తెలిస్తే నీకు ఊరటో, కడుపుమంటో. జీ-13 అనే ట్యాంకు-వేట బండ్లు జర్మన్ల హెట్జర్ నమూనాయే. చెక్‌లు యుద్ధం తరవాత కూడా చేసి స్విస్ సైన్యానికి అమ్మారు, ట్యాంకు పనికే కాబట్టి గొడవ లేదు. ఫ్రెంచివాళ్లు జర్మన్ పాంథర్ ట్యాంకులను కొన్నాళ్లు నడిపి, ఫైనల్ డ్రైవ్ (ట్రాక్‌ను తిప్పే చివరి గేర్ల పెట్టె) సగటున 150 కిలోమీటర్లకే పోతోందని 1947లో రాసుకున్నారు. బల్గేరియా వాళ్లింకా తెలివైనవాళ్లు. పాత జర్మన్ ట్యాంకులను టర్కీ సరిహద్దున మెడదాకా పాతిపెట్టి బంకర్లు చేసుకున్నారు. కదలనక్కర్లేనివాడికి ఫైనల్ డ్రైవ్ గొడవే లేదు. కెనడాలో ఫిన్నింగ్ వాళ్లు నీ సొంత తమ్ముళ్ల మీద రాతిని తొలిచే డ్రిల్లు బిగించి కలప రోడ్లకు పంపారు. అది బాగా నడిచింది. బండ ఎక్కడం, ఆగడం, రంధ్రం వేయడం. ఎక్కి ఆగడమే నీకు పుట్టుకతో వచ్చిన విద్య. పొద్దంతా ఒకే తీరున లాగడం ఎద్దు విద్య.

1951 జనవరిలో లండన్ చేతులెత్తేసింది. కొట్టేసిన పద్దు 3.6 కోట్ల పౌండ్ల పైన. ఇందులో నీ తప్పు ఎంతని ఎవరైనా అడిగితే మా వాటా సాక్ష్యం ఈ ఉత్తరమే, దాచుకో.

ఇట్లు,
సుత్తితో నీ బోల్టులు కొట్టి చూసేవాళ్లం.

తా.క. విత్తనానికని కొన్న శనక్కాయలు 4,000 టన్నులట, చేతికొచ్చినవి 2,000. ఆ విత్తనాలే వేయించి చట్నీ రుబ్బుకుని ఉంటే నీ టరెట్ నీకే ఉండేది.